తెలుగులో బ్లాగు మొదలుపెట్టాలనుంది, చదివేవాళ్ళూ తోటి బ్లాగర్లూ ఎక్కడ దొరుకుతారు?

పడుగుపేక:

అందరికీ నమస్కారం. మాది తెలంగాణలోని పుట్టపాక, చేనేత కుటుంబం. పెళ్ళయ్యాక పుణె వచ్చేశాను, పదకొండేళ్ళయింది. నాన్న ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటాడు. అమ్మ చాలా ఏళ్ళు చేత్తోనే ఆసు పోసింది (నూలును మేకుల చుట్టూ తిప్పే పని), ఆ భుజం నొప్పి ఇప్పటికీ తగ్గలేదు.

మొన్న దసరాకు ఊరెళ్ళినప్పుడు మా తొమ్మిదేళ్ళ బాబు మగ్గం చుట్టూ తిరుగుతూ ఇదేంటి అదేంటి అని ఒక్కొక్కటీ అడిగాడు. నాడె, కండె, అచ్చు, పడుగు, పేక వరకు చెప్పగలిగాను, ఆ తర్వాత నాకే తెలియని వస్తువులు వచ్చాయి. నాన్నను అడిగితే ఆయన చేయి ఆ పని చేసి చూపిస్తోంది కానీ పేరు వెంటనే నోటికి రాలేదు, కాసేపు ఆలోచించి చెప్పాడు. అది చూసి నాకు భయమేసింది. ఆ సాయంత్రం బాబు నోటుబుక్కు వెనక పేజీల్లో నాన్న చెప్పిన మాటలన్నీ రాసుకున్నాను, నలభై మూడు అయ్యాయి. ఒక్కో మాటకు బ్లాగులో ఒక్కో టపా (పోస్టు) రాయాలని ఉంది: ఆ వస్తువు ఏమిటి, ఇంట్లో ఎవరు వాడేవాళ్ళు, దాని చుట్టూ జరిగిన సంగతులు, అన్నీ.

ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించాను, 2019లో. మూడు టపాలు రాసి చుట్టాలందరికీ వాట్సాప్‌లో పంపాను. దండాలు, పువ్వులు వచ్చాయి కానీ పేజీ తెరిచి చదివినవాళ్ళు లేరు, ఒక్క వ్యాఖ్య కూడా రాలేదు. నాలుగో టపా సగంలో ఆగిపోయింది. అప్పుడు చాలా బాధపడ్డాను. ఈసారి అలా ఆపేయడం ఇష్టం లేదు.

అడగాలనుకున్నవి: ఎక్కడ మొదలుపెట్టాలి, బ్లాగర్ సైటులోనా, వర్డ్‌ప్రెస్‌లోనా? వారానికి ఎన్ని రాయాలి? తెలుగులో రాసేవాళ్ళు ఇంకా ఉన్నారా, ఉంటే వాళ్ళతో పరిచయం ఎలా అవుతుంది? ఇంకొకటి, నేను మా ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే రాస్తాను. అది రాతకు పనికొచ్చే తెలుగు కాదని ఒకరు అన్నారు, అప్పటి నుంచి రాయడానికి కూర్చుంటే ఆ మాటే గుర్తొస్తోంది.

—

పాతటపా:

అమ్మా, ముందు చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను. మీ ఇంటి భాషలోనే రాయండి, ఇంకో ఆలోచన వద్దు. మీరు రాయబోయే విషయానికి ఆ భాషే ఆధారం. అది మార్చి రాస్తే మీ నోటుబుక్కులో ఉన్న నలభై మూడు మాటల్లో సగం బయటే ఉండిపోతాయి.

నేను 2007లో మొదలుపెట్టాను, కాకినాడలో, నెట్ సెంటర్‌లో కూర్చుని. అప్పట్లో ఆ కంప్యూటర్లలో తెలుగు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. విండోస్ ఎక్స్‌పీ సీడీ పెట్టి భారతీయ భాషల ఫైళ్ళు ఎక్కిస్తే గానీ తెలుగు కనిపించేది కాదు, ఆ సెంటర్ కుర్రాణ్ణి బతిమాలి ఒక్క కంప్యూటర్‌లో అది చేయించుకున్నాను, ఇక రోజూ ఆ సీటు ఖాళీ అయ్యేదాకా ఆగేవాణ్ణి. లేఖిని అనే సైటులో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే పక్కన తెలుగు వచ్చేది, దాన్ని తీసి బ్లాగులో అతికించేవాళ్ళం. ఇప్పుడు ఫోన్‌లో నోటితో చెప్పినా తెలుగు పడుతోంది, ఆ ఇబ్బంది మీకు లేదు.

మాకు ఉన్నదీ మీకు లేనిదీ ఒకటుంది. కూడలి, జల్లెడ, హారం, మాలిక అని సంకలినులు ఉండేవి. ఎవరు కొత్త టపా వేసినా అక్కడ వరసగా కనిపించేది, పొద్దున్నే అది తెరిస్తే తెలుగులో ఆ రోజు ఎవరెవరు ఏం రాశారో తెలిసిపోయేది. మనం ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు, రాస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. హైదరాబాదులో నెలకోసారి ఆదివారం కృష్ణకాంత్ పార్కులో బ్లాగర్లు కలిసేవాళ్ళు, పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు అనే సంఘం స్టాలు పెట్టి వచ్చినవాళ్ళకు కంప్యూటర్‌లో తెలుగు రాయడం నేర్పేవాళ్ళు. నేను రెండుసార్లే వెళ్ళగలిగాను, అక్కడ పరిచయమైనవాళ్ళు ఇవాళ్టికీ ఫోన్ చేస్తారు. ఆ సంకలినుల్లో కొన్ని మూతపడ్డాయి, రాసేవాళ్ళలో చాలామంది ఫేస్‌బుక్‌కు వెళ్ళిపోయారు. అందుకే ఇప్పుడు రాసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. 2019లో మీకు జరిగింది అదే. మీ రాతలో లోపం ఉందని అనుకోకండి.

అయితే ఏం చేయాలి? నాకు తెలిసిన దారి ఒక్కటే. మీరు టపా రాసే ముందు ఇతరుల టపాలు చదివి వ్యాఖ్య రాయండి. ‘బాగుందండి’ అని ఒక ముక్క రాస్తే సరిపోదు. వాళ్ళు రాసినదాంట్లో మీకు తగిలిన ఒక వాక్యం పట్టుకుని, దాని గురించి మీకు తెలిసినది ఒక నాలుగు లైన్లు రాయండి. తెలుగులో రాసే ఏ బ్లాగరికైనా అలాంటి వ్యాఖ్య వస్తే ఆ రోజంతా మనసులో ఉంటుంది, ఎవరీవిడ అని మీ పేరు మీద నొక్కి మీ బ్లాగుకు వస్తారు. అలా వచ్చినవాళ్ళే నిలబడతారు. నాకు మొదటి ఆరు నెలల్లో వచ్చిన పాఠకులు పదకొండు మంది, అందరూ నేను వ్యాఖ్య రాసినవాళ్ళే.

ఎన్ని రాయాలని అడిగారు. మీరు ఆపకుండా రాయగలిగినన్ని. నెలకు రెండైనా మంచిదే. ఒక వారం నాలుగు రాసి మూడు నెలలు కనిపించకపోతే వచ్చినవాళ్ళు మరిచిపోతారు.

ఇంకొక్క మాట. 2009లో కోనసీమలో కొబ్బరి పీచు నానబెట్టి తాళ్ళు పేనడం గురించి ఒక టపా రాశాను, మా మేనమామగారి ఇంట్లో చూసినది. రెండు వ్యాఖ్యలు వచ్చాయి, అంతే, నేనూ మరిచిపోయాను. పన్నెండేళ్ళ తర్వాత, 2021లో, గల్ఫ్‌లో పనిచేస్తున్న ఒకాయన ఆ టపా కింద ఇంత పొడుగు వ్యాఖ్య రాశాడు. వాళ్ళమ్మ అదే పని చేసి వాళ్ళను చదివించిందట, ఆవిడ పోయిన నెలకు ఏదో వెతుకుతుంటే నా టపా కనిపించిందట. ఆ వ్యాఖ్య నేను అచ్చు తీసి దాచుకున్నాను.

—

నల్లరేగడి:

పడుగుపేక గారూ, పాతటపా గారు చెప్పాల్సినది చెప్పారు, నేను కొంచెం సాంకేతికం చెప్తాను, ఎందుకంటే ఇవి ముందే తెలియక నేను చాలా పోగొట్టుకున్నాను.

బ్లాగరైనా వర్డ్‌ప్రెస్ అయినా ఉచితంగానే మొదలుపెట్టొచ్చు, రెండింట్లోనూ తెలుగు బాగానే కనిపిస్తుంది. బ్లాగర్ సులువు, జీమెయిల్ ఉంటే పది నిమిషాల పని. కాకపోతే కొత్త టపా పడగానే పాఠకులకు మెయిల్ వెళ్ళే సౌకర్యం బ్లాగర్‌లో 2021లో ఆపేశారు, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో అది ఇప్పటికీ ఉంది. మీ చుట్టాల్లో, ఊళ్ళో మెయిల్ చూసేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు, దాన్ని బట్టి ఎంచుకోండి.

బ్లాగర్‌లో ఒక చిక్కు ఉంది, తెలుగువాళ్ళం అందరం ఇందులో పడతాం. శీర్షిక తెలుగులో పెట్టి ప్రచురిస్తే ఆ టపా చిరునామాలో తెలుగు అక్షరాలు పోయి ఊరికే ‘బ్లాగ్ పోస్ట్’ అని, దాని పక్కన ఏదో అంకె అని మిగులుతుంది. యాభై టపాలయ్యాక ఏ లంకె దేనిదో మీకే తెలియదు. ప్రచురించే ముందు కుడివైపు పర్మాలింక్ అని ఉంటుంది, అక్కడ కస్టమ్ ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు మీరే ఇవ్వండి. ఒకసారి ప్రచురించాక దాన్ని మార్చాలంటే టపాను వెనక్కి తీసి మళ్ళీ వేయాలి, పాత లంకెలు పని చేయవు. వర్డ్‌ప్రెస్‌లో ఇంకో రకం తలనొప్పి, అక్కడ తెలుగు చిరునామా ఉంటుంది కానీ వాట్సాప్‌లో అతికిస్తే నాలుగు లైన్ల పొడవున పర్సంటు గుర్తులు వస్తాయి, చూసినవాళ్ళు ఇదేదో మోసం లంకె అని నొక్కరు. అక్కడా ఇంగ్లీషు మాటలే ఇవ్వండి.

శీర్షిక మాత్రం తెలుగులోనే, సూటిగా పెట్టండి. ‘జ్ఞాపకాల దారాలు’ లాంటి పేరు పెడితే వెతికేవాళ్ళకు దొరకదు. ‘ఆసు పోయడం అంటే ఏమిటి’ అని పెడితే అది వెతికే ప్రతి మనిషికీ మీరు దొరుకుతారు. తెలుగులో ఇలాంటి విషయాల మీద పేజీలు చాలా తక్కువ, అందుకే పాతటపా గారి కొబ్బరి పీచు టపా పన్నెండేళ్ళ తర్వాత కూడా ఒకరికి దొరికింది.

చేనేత సంఘం వాళ్ళ పాత కరపత్రాలో, సావనీర్లో డీటీపీ ఫైళ్ళు మీ దగ్గర ఉంటే అవి ఎక్కువగా అను ఫాంట్లలో (అచ్చుపనికి వాడే పాత రకం తెలుగు ఫాంట్లు) ఉంటాయి. నేరుగా తెచ్చి అతికిస్తే ఏ భాషా కాని గుర్తులు వస్తాయి. నెట్లో పనికొచ్చే యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్లో ఉన్నాయి, మార్చాక మాత్రం ఒత్తులు ఒకసారి చూసుకోండి, అక్కడే తప్పులు వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది. నా మొదటి బ్లాగు ఒక చిన్న ఉచిత సైటులో ఉండేది, పేరు అనవసరం. రెండు వారాల ముందు ఒక మెయిల్ పెట్టి మూసేశారు, ఆ మెయిల్ నేను చూసుకోలేదు. అరవై టపాలు. మా ఊరి చెరువు గురించి, మా నానమ్మ చెప్పిన కరువు సంగతుల గురించి రాసినవి అందులోనే ఉన్నాయి, నానమ్మ ఇప్పుడు లేదు. పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే ఇరవై రెండు దొరికాయి. మిగతావి పోయాయి. అందుకని దండం పెట్టి చెప్తున్నాను, ప్రతి టపా కంప్యూటర్‌లో ఒక ఫైలుగా ఉంచుకోండి, నెలకోసారి బ్లాగు మొత్తం బ్యాకప్ దించుకోండి (బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది), టపా వేసిన రోజే దాని చిరునామా వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి భద్రం చేయండి, ఒక నిమిషం పని.

తోటి బ్లాగర్ల విషయానికొస్తే, బ్లాగర్‌లో పక్క పట్టీలో ‘బ్లాగ్ లిస్ట్’ అని ఒక గాడ్జెట్ పెట్టుకోవచ్చు. మీరు చదివే బ్లాగుల చిరునామాలు అందులో ఇస్తే ఎవరు కొత్తగా రాసినా పైకి వస్తుంది. మీకూ చదవడానికి వీలు, మీ దగ్గరికి వచ్చినవాళ్ళకూ వాళ్ళు తెలుస్తారు. అలా ఒకరి పట్టీ నుంచి ఇంకొకరి పట్టీకి వెళ్తూ పోతే ఒక సాయంత్రంలో ఇప్పటికీ రాస్తున్న పదిహేను ఇరవై మంది తేలతారు, నేను పోయినేడు అలాగే వెతుక్కున్నాను. వాళ్ళందరినీ ఫీడ్లీ లాంటి ఫీడ్ రీడర్‌లో (అన్ని బ్లాగుల కొత్త టపాలూ ఒకేచోట చూపించేది) చేర్చుకోండి. 2013లో గూగుల్ రీడర్ మూసేశాక ఫీడ్లు పోయాయనుకున్నవాళ్ళున్నారు, బ్లాగర్‌కూ వర్డ్‌ప్రెస్‌కూ ఫీడ్లు ఇప్పటికీ ఉన్నాయి.

వ్యాఖ్యలకు మోడరేషన్ పెట్టుకోండి, అంటే మీరు చూసి ఒప్పుకున్నాకే కనిపించేట్టు, పేరు లేకుండా రాసే అజ్ఞాతల వల్ల మంచి బ్లాగులు కొన్ని ఆగిపోయాయి. అక్షరాలు గుర్తుపట్టమని అడిగే పరీక్ష మాత్రం తీసేయండి, పెద్దవాళ్ళు అక్కడే వెనక్కి వెళ్ళిపోతారు.

—

డల్లాస్_పెరడు:

అక్కా, నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. నేనూ నాలుగేళ్ళు బ్లాగు రాశాను, ఇక్కడ పెరట్లో బీర, దోస, గోంగూర పెంచడం గురించి. చివర్లో రోజుకు ముగ్గురు వచ్చేవాళ్ళు. అదే సంగతులు ఫేస్‌బుక్ గ్రూపులో పెడితే మొదటి రోజే రెండు వందల మంది మాట్లాడారు, విత్తనాలు ఒకరికొకరు పోస్టులో పంపుకున్నాం, ఇప్పుడు మేం ఏటా ఒకసారి కలుస్తాం కూడా. మనుషులు ఎక్కడున్నారో అక్కడికి మనం వెళ్ళాలి. మీకు కావలసింది మీతో మాట్లాడే మనుషులైతే బ్లాగు కోసం అంత కష్టపడటం ఎందుకు, నేరుగా అక్కడే రాయొచ్చు కదా? చేనేత గురించి ఇష్టంగా మాట్లాడుకునే ఆడవాళ్ళ గ్రూపులు చాలానే ఉన్నాయి.

—

పాతటపా:

మీ అనుభవం నిజమే, కాదనను. విత్తనాల విషయంలో అది సరైన చోటు కూడా, ఎందుకంటే ఈ నెల విత్తనాల సంగతి ఈ నెలలోనే కావాలి. కానీ నాలుగేళ్ళ కిందట మీరు ఆ గ్రూపులో గోంగూరకు పట్టిన పురుగు గురించి రాసినది ఇప్పుడు వెతికి తీయగలరా? ఆ గ్రూపులో లేని మనిషికి అది కనిపిస్తుందా? ఈ అమ్మాయి రాయబోయేది వాళ్ళ మనవరాళ్ళు వెతికినా దొరకాల్సినది. రాత బ్లాగులో ఉంచి, దాని లంకె తీసుకుని మనుషులున్న చోటికి వెళ్ళమనండి. గ్రూపులో ఒక ఫొటో, నాలుగు వాక్యాలు పెట్టి, మిగతాది ఇక్కడుందని చెప్పడంలో తప్పు లేదు.

—

డల్లాస్_పెరడు:

అది ఒప్పుకుంటాను అండి. ఆ పురుగు గురించి పోయిన నెల ఒకరు అడిగితే నేనే వెతుక్కోలేకపోయాను, మళ్ళీ మొదటి నుంచి రాయాల్సొచ్చింది. అక్కా, అలాగే చేయండి, మా గ్రూపులో చీరల గురించి తెలిసినవాళ్ళు ఉన్నారు, మీ లంకె ఇస్తే నేను పెడతాను.

—

నల్లరేగడి:

ఇంకో రెండు గుర్తొచ్చాయి. మాండలిక వృత్తి పదకోశం అని భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చింది, మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో వచ్చింది, అది మొత్తం చేనేత మీదే. ఊరూరూ తిరిగి నేతవాళ్ళను అడిగి ఏ ప్రాంతంలో ఏమంటారో రాసుకున్నారు. పెద్ద గ్రంథాలయాల్లో దొరకొచ్చు. మీ నలభై మూడు మాటలు దాంతో పోల్చి చూడండి. అందులో ఉన్న మాట మీ ఇంట్లో వేరేగా ఉంటే ఆ తేడాయే ఒక టపా అవుతుంది, అసలు అందులో లేని మాట ఒక్కటి మీ నాన్నగారి దగ్గర ఉన్నా అది ఎంత విలువైనదో ఆలోచించండి.

మాటల అర్థాలు విక్షనరీలో (వికీపీడియా లాంటి నిఘంటువు) కూడా చేర్చండి. వికీపీడియాలో సొంత జ్ఞాపకాలు ఒప్పుకోరు, ఆధారాలు అడుగుతారు, అది వాళ్ళ పద్ధతి. మీ బ్లాగు మీ జ్ఞాపకాలకు.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అంటారు కాబట్టి చెప్తున్నాను: 2018 నుంచి తెలుగు బ్లాగులకూ యాడ్‌సెన్స్ (గూగుల్ ప్రకటనలు) ఇస్తున్నారు, కానీ ఇలాంటి బ్లాగుకు వచ్చేది ఏమంత ఉండదు, పేజీ నిండా ప్రకటనలు మాత్రం వస్తాయి. వద్దు.

—

పడుగుపేక:

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. రెండుసార్లు చదివాను, మా ఆయనకు కూడా చదివి వినిపించాను.

పాతటపా గారూ, మీరు భాష గురించి చెప్పిన మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. నల్లరేగడి గారూ, మీ నానమ్మగారి టపాల గురించి చదివాక నోటుబుక్కు పేజీలన్నీ వెంటనే ఫొటోలు తీసి రెండు చోట్ల పెట్టాను.

ఒక అనుమానం. నాన్న చిటికి కట్టేటప్పుడు, అంటే నూలు మీద రంగు పట్టకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కడతారు కదా, ఆ ఫొటోలు, ఆయన గళ్ళ కాగితం మీద గీసుకునే డిజైన్లు నా దగ్గర ఉన్నాయి. అవి పెట్టొచ్చా? చదివేవాళ్ళకు బాగా అర్థమవుతుందని నా ఆశ.

—

వాడరేవు_గాలి:

ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు, ఈ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు మీ అనుమానం. చిటికి కట్టే ఫొటోలు హాయిగా పెట్టండి, మీ నాన్నగారిని ఒక మాట అడిగి. గళ్ళ కాగితం మాత్రం పెట్టకండి, కనీసం ఆ చీరలు అమ్ముడయ్యేదాకా. నేతవాళ్ళు నెలల తరబడి ఆలోచించి వేసిన డిజైనును ఎవరో ఫొటో చూసి బట్ట మీద అచ్చు వేసి పదో వంతు ధరకు అమ్మేస్తున్నారు, ఆ నష్టం మగ్గం మీద కూర్చున్నవాళ్ళకే. పాత డిజైన్లు, అందరికీ తెలిసినవి పెట్టుకోవచ్చు. ఇలాంటి వాటిలో ఏది పెట్టాలో ఏది వద్దో మీ నాన్నగారి మాటే చివరి మాట కావాలి.

ఇప్పుడు నా సంగతి. మాది చీరాల. మీ పుట్టపాక తేలియా రుమాలుకు (నూనె పట్టించిన నూలుతో నేసే రుమాలు) 2020లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు వచ్చింది కదా, ఒకప్పుడు ఆ రుమాళ్ళు చీరాలలోనే నేసేవాళ్ళు, ఇక్కడి నుంచి అరబ్బు దేశాలకు వెళ్ళేవి. మా తాత నేశాడు. మా నాన్న మగ్గం ఎక్కలేదు, చిన్న ఉద్యోగంలో చేరాడు, ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఆ పని రాదు. నాకు గుర్తున్నదల్లా ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళు, నూనె, ఆ రెండింట్లో నూలు రోజుల తరబడి పిసికి ఆరేసి మళ్ళీ పిసకడం, ఇంటి నిండా ఆ వాసన. అమ్మకు ఆ వాసన పడేది కాదు, నాకు మాత్రం తాత అంటే ఆ వాసనే. ఎరుపు, నలుపు, తెలుపు రుమాలు ఒకటి మా ఇనప్పెట్టెలో ఉంది, తాత చేతిది. దాని మీది బొమ్మలకు ఒక్కోదానికి ఒక్కో పేరు చెప్పేవాడు, నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు, ఒక్కటీ గుర్తు పెట్టుకోలేదు.

మీ 2019 టపాలు మూడూ ఇంకా ఉంటే లంకె ఇవ్వండి. మీరు రాసేవన్నీ చదువుతాను. నాకు తెలిసిన కొంచెం మీ టపాల కింద రాస్తాను, ఎవరైనా ఎప్పుడైనా వెతికితే చీరాల మాట కూడా అక్కడ ఉంటుంది.

—

పడుగుపేక:

మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పాత టపాలు ఉన్నాయండి, కొత్త బ్లాగులోకి మారుస్తున్నాను, ఈ రాత్రికి లంకె ఇక్కడే ఇస్తాను. బ్లాగర్‌లోనే పెట్టాను, చిరునామాలు ఇంగ్లీషులో ఇచ్చాను, అక్షరాల పరీక్ష తీసేశాను.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి మీ మాటలు మొత్తం చదివి వినిపించాను. ఆయన ఫోన్‌లో ఎక్కువ మాట్లాడడు, ఈసారి మాత్రం మళ్ళీ చదవమన్నాడు. గళ్ళ కాగితాలు పెట్టొద్దని మీరన్నది ఆయనా అన్నాడు. తర్వాత, ఆ చీరాల అమ్మాయిని రుమాలు ఫొటో పంపమను, నాలుగు మూలలూ మధ్య గడీ విడివిడిగా కనిపించేట్టు తీయమను, చిటికి ఏ లెక్కన కట్టారో చూసి చెప్తాను, బొమ్మల పేర్లు మా దగ్గర ఏమంటారో అవీ చెప్తాను, వాళ్ళ తాత చెప్పినవి అవునో కాదో వింటే ఆమెకే గుర్తొస్తుందేమో అన్నాడు.

మొదటి టపా ఆసు మీద రాద్దామనుకున్నాను. ఇప్పుడు రుమాలుతో మొదలుపెట్టాలనుంది, మీరు ఒప్పుకుంటే మీ తాతగారి రుమాలు ఫొటోలతో.

—

వాడరేవు_గాలి:

తప్పకుండా పెట్టండి. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. పెట్టె తెరిచి రుమాలు తీశాను, మడతల దగ్గర కొంచెం చిరుగుపట్టింది, రేపు పొద్దున మేడ మీద నీడలో పరిచి నాలుగు మూలలూ తీస్తాను. నూనె వాసన ఇంకా ఉంది.